ఏటికి చేరని తాషా

కారులో ఆ పాట మొదలైతే చాలు, పీర్ సాహెబుకు అరచేతులు చెమట పట్టేవి. ఏసీ ఎంత పెంచినా ఆ చెమట ఆరేది కాదు. వెనక సీట్లో యజమాని కొడుకు రాకాన్ కళ్లు మూసుకుని తల ఊపుతూ, స్పానిష్‌లో తను రాసుకున్న మాటల్ని గబగబా గొణుక్కునేవాడు. ఆ మాటల కింద తాషా దరువు ఒకటి మోగేది. నాలుగడుగులు నడిచి మళ్లీ మొదటికొచ్చేది. మళ్లీ నడిచి, మళ్లీ మొదటికి. కువైటులో సల్వాలోని ఇంటి నుంచి ఆసుపత్రి దాకా అదే తంతు. ఎక్కడికీ చేరదు, ఎక్కడా ఆగదు. ఆ దరువు వాయించింది పీర్ సాహెబే. అందుకే ఆ చెమట.

మనిషి పిరికివాడేం కాదు. రాయచోటి అవతల గుట్టకిందపల్లె వాళ్లది. దూదేకుల ఇల్లు. తండ్రి పెళ్లిళ్లకూ పీర్ల పండక్కూ తాషా వాయించేవాడు. ఈయన మీసాలు సరిగ్గా రాకముందే తాషా పక్కనపెట్టి, స్టీరింగు పట్టుకోవడం నేర్చుకుని, ఇంటి డ్రైవరు వీసా మీద కువైటొచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఒకటే ఇల్లు, ఒకడే కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని. ఇసుక తుఫానుల్లో బండి నడిపాడు, కరోనా కాలంలో గేటు పక్క గదిలో ఒంటరిగా పడున్నాడు, ఏనాడూ బెదిరింది లేదు. అలాంటి వాడిని చిన్న దరువు ముక్క ఒకటి వణికించేసింది.

ఆ ఇంట్లో పీర్ సాహెబుకు దేవుడి తరువాత దేవుడు హెస్సా. కఫీలు తల్లి, రాకాన్‌కు నానమ్మ. ఇంట్లో అందరూ ఆవిడను యమ్మా అంటారు, ఈయనా అలాగే అనేవాడు. అరబ్బీలో 'ప' లేదు గనక ఆవిడ ఈయన్ను 'బీర్' అని పిలిచేది. మందు వాసన కూడా తగలని దేశంలో పొద్దస్తమానం ఆ పేరుతో పిలిపించుకోవడం ఎవరికైనా దక్కుతుందా! రాయచోటి మిత్రులు దీన్ని పట్టుకుని ఆడుకునేవాళ్లు. ఈయన మాత్రం ఆ పిలుపు వినపడితే ఎక్కడున్నా పరుగెత్తేవాడు. కారణముంది. ఊళ్లో తండ్రి పోయినప్పుడు, పండగ వెళ్లేదాకా సెలవు కుదరదని కఫీలు ఖరాఖండిగా చెప్పేశాడు. హెస్సా మారుమాట్లాడకుండా వెళ్లి కారులో కూర్చుంది. బీర్ పాస్‌పోర్టును కొడుకు తెచ్చి అతని చేతిలో పెడితే తప్ప దిగనంది. మండుటెండలో కూర్చున్న తల్లిని చూడలేక కొడుకు పాస్‌పోర్టు తెచ్చిచ్చాడు. అలా ఊరికెళ్లి తండ్రి గోరీ మీద పిడికెడు మట్టి వేసి వచ్చిన మనిషి, ఆ తల్లిని మరిచిపోతాడా?

ఇక రాకాన్ సంగతి. వాడి తల్లి కరేబియన్ సముద్రంలోని డొమినికన్ దేశం పిల్ల. కఫీలు అమెరికాలో చదువుకునేటప్పుడు ఇష్టపడి కట్టుకొచ్చాడు. ఆవిడ ఇక్కడ కొన్నేళ్లు ఇమిడింది, ఆపైన ఇమడలేకపోయింది. పిల్లవాడు బడిలో ఉండగా విమానమెక్కి వెళ్లిపోయింది. అప్పట్నుంచి తల్లీకొడుకుల మధ్య మిగిలింది ఫోనూ, స్పానిష్‌ భాషా. ఆ భాష ఇంట్లో వినపడితే తండ్రికి మొహం మాడిపోయేది. నోరు తెరిచి వద్దనేవాడు కాదు, లేచి వెళ్లిపోయేవాడు. అదింకా ఘోరం. అందుకని కుర్రాడు ఇంటి వెనక సామాన్ల గదిలో గోడలకు పాత పరుపులు కొట్టించి, అందులో ర్యాపు పాడటం మొదలుపెట్టాడు. హిప్‌హాప్‌కు తల్లి దేశపు మెరెంగే, దెంబో దరువులు కలిపి ఆల్బమ్ చేస్తున్నాడు. మొదటి ఆల్బమ్. పేరు 'దోస్ కోస్తాస్'. రెండు తీరాలని అర్థమట.

ఒక శుక్రవారం సాయంత్రం కఫీలు దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న శాలేకు, అంటే సెలవుల ఇంటికి వెళ్లాడు. పీర్ సాహెబు టీ ఇవ్వడానికి ఆ గదిలోకి వెళ్లాడు. వెళ్లినవాడు టీ పెట్టి వచ్చేస్తే ఈ కథే లేదు. మూలన రాకాన్‌కు తల్లి పంపిన తంబోరా ఉంది. మన తంబూరా కాదండోయ్, ఇది రెండు మొహాల డోలు. దాన్ని చూసి ఈయన వేళ్లు ఊరుకోలేదు, అంచు మీద చిన్నగా టకటకమన్నాయి. రాకాన్ చెవుల మీది పరికరం తీసి తిరిగి చూశాడు. నీకు వాయించడం వచ్చా అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఈయన్ను కారెక్కడ, తాళమెక్కడ అని తప్ప ఇంకోటి అడిగిన వాళ్లు లేరు. మనిషి పొంగిపోయాడు. పెరట్లో ఖర్జూరపు మట్ట విరిచి, రెండు పుల్లలు చెక్కుకుని వచ్చి, డోలు ఒళ్లో పెట్టుకున్నాడు.

పెళ్లి దరువు వాయించాడు. గుండం చుట్టూ ఎగిరేటప్పటి దరువు వాయించాడు. రాకాన్ తల అడ్డంగా ఊపాడు. ఎగిరేవి నా దగ్గర చాలా ఉన్నాయి, ఆఖరి పాట అమ్మది, దానికి మెల్లగా నడిచేది కావాలి అన్నాడు. మెల్లగా నడిచే దరువు పీర్ సాహెబుకు ఒక్కటే తెలుసు.

పండగ ఆఖరి రోజున పీర్లను చావిడి నుంచి ఏటికి సాగనంపేటప్పుడు వాయించేది అది. గుట్టకిందపల్లెలో దానికి రెండే కట్టుబాట్లు. ఇంటి కప్పు కింద వాయించకూడదు, వాయిస్తే ఆ ఇంట్లోంచి ఒకరు పీర్ల వెంట బయలుదేరతారు. మొదలుపెడితే ఏటి నీళ్లు చేరేదాకా ఆపకూడదు, ఆపితే బయలుదేరిన వాళ్లు దోవలో నిలబడిపోతారు. చిన్నప్పుడు అన్నం పళ్లెం మీద ఆ దరువు కొట్టినందుకు తండ్రి వీపు చిట్లగొట్టాడు. అయినా ఆ సాయంత్రం, తన వాయింపు ఒకరు చెవులు రిక్కించి వింటున్న సంతోషంలో, చేతులు వాటంతటవే ఆ దరువెత్తుకున్నాయి. రాకాన్ కళ్లు పెద్దవయ్యాయి. ఎర్ర దీపం వెలిగించి రికార్డు చేశాడు. సరిగ్గా దరువు చావిడి దాటి దారిలో పడుతుండగా గేటు దగ్గర కఫీలు కారు హారన్ మోగింది. ఆయన ముందే తిరిగొచ్చేశాడు. గేటు తీయడం పీర్ సాహెబు పని. పుల్లలు కింద పడేసి పరుగెత్తాడు.

గేటు తీశాక గాని గుర్తు రాలేదు, చేసిందేమిటో. ఒక్క దెబ్బకు రెండు కట్టుబాట్లూ పోయాయి.

ఆ తరువాత కొద్ది రోజులకే హెస్సా తెల్లవారి నమాజుకు లేవలేదు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆసుపత్రిలో ముక్కులో గొట్టంతో, కళ్లు తెరవకుండా, మాట లేకుండా పడుంది. పోలేదు, తిరిగి రాలేదు. వారాలు గడిచాక చేసేదేమీ లేదని వైద్యులు ఇంటికి పంపేశారు. కింది గదిలో మంచం వేసి, నర్సును పెట్టారు. పీర్ సాహెబుకు తిండి సహించడం మానేసింది. ఆ గది ముందు నుంచి వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి పెరటి దారిన వెళ్లేవాడు.

పైగా రాకాన్ చేసిన ఘనకార్యం ఒకటుంది. సగంలో ఆగిన ఆ వాయింపులోంచి ఒక ముక్క కత్తిరించి, దాన్నే తిప్పి తిప్పి పాట పొడుగూతా పరిచాడు. వాళ్ల సంగీతంలో అదే పద్ధతి. కుర్రాడికది అందం. పీర్ సాహెబుకు మాత్రం పీర్లు చావిడి దాటి నాలుగడుగులు వేసి, మళ్లీ చావిడి దగ్గరే తేలుతున్నట్టుండేది. ఏరెక్కడ? నీళ్లెక్కడ? ఆ గుంపులో తెల్లటి తలతో యమ్మా కూడా నడుస్తున్నట్టు తోచేది.

ఇక కడుపులో దాచుకోలేక వంటింట్లో రజియా బీకి చెప్పుకున్నాడు. ఆ ఇంటి వంటమనిషి, లక్కిరెడ్డిపల్లె పక్కనే ఆమెది. పీర్ల దరువంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. వింటూనే పొయ్యి ఆపేసింది.

"ఇంట్లో వాయిస్తివా? నీకేం పొయ్యేకాలమన్నా?" అంది. కాసేపటికి గొంతు తగ్గించింది. "ఎవురికీ చెప్పాకు. ఈళ్లు దీన్ని సిహర్ అంటారు. చేతబడి చేసినాడని పోలీసులకు పట్టిస్తారు."

అబూ హలీఫాలో ఒక ఇంట్లో పనిచేసే పిల్ల దిండు కింద దర్గా దారం దొరికితే ఏమైందో కూడా చెప్పింది. ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా వినలేదట, స్టేషన్లో పెట్టి, అట్నుంచటే విమానమెక్కించారట. చెబితే తన బతుకు పోతుంది. చెప్పకపోతే ముసలమ్మ దోవలో నిలబడి ఉంటుంది. ఇంతలో రాకాన్ ఇంకో పిడుగు వేశాడు. ఆల్బమ్ అమ్మ పుట్టినరోజున విడుదల, ఇంక ఎంతో లేదు, బయటికెళ్లాక వెనక్కి తీసుకోవడం ఉండదు అన్నాడు. అంటే ఆ దరువు ఊరూరా, ఎవరెవరి ఇళ్లలోనో, కప్పుల కింద మోగుతుందన్నమాట. ఎందరి నానమ్మలు దోవలో పడతారో! ఈయన భయానికి అంతు లేకుండా పోయింది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. అసలు సంగతి చెప్పనక్కర్లేదు, మిగిలింది వాయించేస్తే చాలు. కారులో గొంతు సవరించుకుని, ఆ దరువు సగమే ఉంది బాబూ, దానికి ముగింపుంది అన్నాడు. రాకాన్ ఎగిరి గంతేశాడు. వచ్చే శుక్రవారం నాన్న శాలేకు వెళ్తాడు, అప్పుడు రికార్డు చేద్దామన్నాడు. ఎన్నో రోజుల తరువాత పీర్ సాహెబు ఆ పూట కడుపునిండా తిన్నాడు.

రజియా బీ ఆ తిండిని కూడా అరగనివ్వలేదు. "ముగిస్తే యమ్మ ఏటికి చేరతాది. చేరితే పోతాది. అది ఆలోచించుకున్నావా?" అంది.

పాపం, ఆ మాట ఆలోచించనే లేదు. ఆపి దోవలో నిలబెట్టినా తనే, వాయించి పంపేసినా తనే. పాస్‌పోర్టు కోసం ఎండలో కూర్చున్న తల్లిని తన చేతులతో పంపాలా?

శుక్రవారం రానే వచ్చింది. సామాన్ల గదిలో ఎర్ర దీపం వెలిగింది. రాకాన్ చెయ్యెత్తి, యల్లా, ఇక కానివ్వు అన్నాడు. పీర్ సాహెబు చేతిలో పుల్లలు లేవలేదు. కుర్రాడు ఏమీ తెలియక నవ్వుతూ చూస్తున్నాడు. వాడి నానమ్మను వాడికే చెప్పకుండా, వాడి చేతనే రికార్డు చేయిస్తూ సాగనంపడమా? అంత పాపం ఈయన వల్ల కాలేదు. పుల్లలు కింద పెట్టి, వచ్చీరాని అరబ్బీలో, చెమటలు కక్కుతూ అంతా చెప్పేశాడు. ఏరు, చావిడి, కప్పు, హారన్, దోవలో నిలబడ్డ యమ్మా. సిహర్ కాదు బాబూ, ఒట్టు, మా ఊళ్లో ఇంతే అని పదే పదే అన్నాడు.

రాకాన్ చెవుల మీది పరికరం తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర దీపం ఆర్పేశాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తండ్రికే చేస్తున్నాడనుకున్నాడు పీర్ సాహెబు. గేటు పక్క గదిలో తన సంచీ ఎక్కడుందో, అందులో ఏమేం పెట్టుకోవాలో కూడా ఆ క్షణంలో తలపుకొచ్చింది. రాకాన్ ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. డోలు ఎత్తి చంకన పెట్టుకుని, రమ్మని తలుపు వైపు నడిచాడు.

నేరుగా కింది గదిలోకి తీసుకెళ్లాడు. నర్సును కాసేపు బయట కూర్చోమన్నాడు. మంచం పక్కన కుర్చీ వేసి, డోలు పీర్ సాహెబు ఒళ్లో పెట్టాడు. అప్పుడు అరబ్బీలో చెప్పిన మాటను నేను మన మాటల్లో చెబుతున్నాను.

"అమ్మ వెళ్లిన రోజు నన్ను బడిలోనే ఉంచారు. ఇంటికొచ్చేసరికి గది ఖాళీ. ఎవరూ సాగనంపలేదు. నానమ్మను అలా పోనివ్వను. ముగించు."

పీర్ సాహెబు బిస్మిల్లా అనుకున్నాడు. సగం నుంచి ఎత్తుకోవడం కుదరదు, చావిడి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. దరువు మెల్లగా వీధిలో పడింది. ఊరి చివర వేపచెట్టు మలుపు దాటింది. కళ్ల నీళ్లకు ఏమీ కనపడటం లేదు, చేతులకు మాత్రం దారి తెలుసు. అదే సమయంలో గేటు దగ్గర హారన్ మోగింది.

శాలే నుంచి ఆయన మళ్లీ ముందే వచ్చేశాడు. హారన్ రెండోసారి ఇంకా గట్టిగా మోగింది. పీర్ సాహెబు ఒళ్లంతా లేవబోయింది, ఇన్నేళ్ల అలవాటు కదా. మోకాళ్లను బిగబట్టి కూర్చున్నాడు. వంటింట్లో రజియా బీ గేటు తాళం కొంగులో పట్టుకుని కదలకుండా నిలబడిందట, తరువాత చెప్పింది. ఆమె తెగువకు నేనైతే దండం పెడతాను. మూడోసారి మోగి, కారు తలుపు ధడేలుమంది. చిన్న గేటులోంచి అడుగులు లోపలికొచ్చాయి. గుమ్మంలో నీడ పడింది. కఫీలు.

ఆయన ముందు తల్లిని చూశాడు, తరువాత డోలును చూశాడు. ఆ డోలు ఎవరు పంపిందో ఆయనకు తెలుసు. నోరు తెరవబోయాడు. రాకాన్ తండ్రికి అడ్డంగా నిలబడి చెయ్యి ఎత్తాడు. ఆ ఇంట్లో కొడుకు తండ్రికి చెయ్యి అడ్డం పెట్టడం అదే మొదలు. పీర్ సాహెబు తల ఎత్తలేదు. పోలీసులు, విమానం, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా అన్నీ కళ్ల ముందు తిరుగుతున్నాయి, చేతులు మాత్రం ఏటి ఇసుకలో దిగి నడుస్తున్నాయి. ఏరొచ్చింది. నీళ్లొచ్చాయి. ఆఖరి దెబ్బలు విడివిడిగా వేసి, ఊళ్లో చేసినట్టే డోలును బోర్లించాడు. "ఖలాస్, యమ్మా" అన్నాడు.

కఫీలు తల్లి కాళ్ల మీది దుప్పటి సరిచేసి, వెళ్లి కారు తనే లోపల పెట్టుకున్నాడు.

హెస్సా ఆ వారం దాటలేదు. ఒక మధ్యాహ్నం, నర్సు దిండు మారుస్తుండగా ఊపిరి ఆగిపోయింది. సులైబిఖాత్ శ్మశానానికి కార్ల వరసలో పీర్ సాహెబు కూడా కారు నడుపుకుంటూ వెళ్లాడు. తను పంపాడా, విడిపించాడా? అది ఆయనకు అప్పుడూ తెలీదు, ఇప్పటికీ తెలీదు. అడిగితే అల్లాకే ఎరుక అంటాడు. దుఃఖం ఒక పక్క, గుండెల్లో రాయి ఒక పక్క. సంతాపపు రోజులు కాగానే కఫీలు పిలుస్తాడు, పంపేస్తాడు. సంచీ సర్దేసుకున్నాడు. ఏ చిన్న పని చెప్పినా, ఇది ఆఖరి పనేమో అనుకునేవాడు. కఫీలు మాత్రం ఆ రోజు ఊసే ఎత్తలేదు. రాకాన్ ఆయనకు ఎంతవరకు చెప్పాడో కూడా తెలీదు.

రాకాన్ తల్లి పుట్టినరోజున ఆల్బమ్ విడుదలైంది. అక్కడి కుర్రాళ్లూ ఇక్కడి కుర్రాళ్లూ విని బాగుందన్నారట. తన దరువు ఎలా వచ్చిందో వినడానికి పీర్ సాహెబుకు ధైర్యం చాలలేదు.

ఒక రోజు కఫీలు తన కారు వదిలేసి, వచ్చి పీర్ సాహెబు కారు వెనక సీట్లో కూర్చున్నాడు. తల్లి కూర్చునే చోటు అది. సముద్రం పక్క రోడ్డు మీద నడుపు అన్నాడు, అంతే. పీర్ సాహెబుకు సంగతి అర్థమైపోయింది. సముద్రం ఒడ్డున చెప్పి, ఆఫీసుకు తీసుకెళ్లి వీసా రద్దు చేయించేస్తాడు. కొంతదూరం పోయాక కఫీలు తన ఫోనులోంచి ఏదో పెట్టాడు. కారంతా రాకాన్ గొంతు నిండింది.

తండ్రి కొడుకు ఆల్బమ్ వింటున్నాడు. ఆయనకు ఆ భాష వచ్చు. ఎందుకు రాదు, ఒకప్పుడు ఆ భాషలోనే ప్రేమించాడు. ఎగిరే పాటలన్నీ అయిపోయాయి. ఆఖరి పాట మొదలైంది. పీర్ సాహెబు స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. దరువు రాలేదు. కుర్రాడి గొంతు ఒక్కటే, కింద ఏమీ లేదు. దరువు ఉండాల్సిన చోట్ల వాడు ఆగి, ఆ ఖాళీని అలాగే వదిలి, మళ్లీ పాడుతున్నాడు. ఎవరి ఇంటి కప్పు కిందా అది మోగకూడదన్నది వాడు మరిచిపోలేదు. తీసేశానని ఒక్క మాటైనా చెప్పలేదు, వెధవ. పీర్ సాహెబుకు రోడ్డు మసకబారింది.

పాట అయిపోయింది. కఫీలు అడిగాడు.

"ఆ రోజు హారన్ వినపడలేదా?"

"వినపడింది బాబా."

"మరి?"

"మొదలుపెడితే ఆపకూడదు బాబా."

కఫీలు కిటికీ అద్దంలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాడు. మొహం ఇటు తిప్పకుండానే అన్నాడు.

"నా వంతు వచ్చేటప్పటికి, సాగనంపడానికి నువ్వు ఇక్కడుంటావా?"

పీర్ సాహెబు ఇలాంటి మాటకు సిద్ధపడి లేడు. సంచీ సర్దుకున్న మనిషి. "ఇఖామా మీ చేతిలో ఉంది బాబా" అన్నాడు.

"నేను ఇఖామా గురించి అడగలేదు."

గుట్టకిందపల్లె గుర్తొచ్చింది. ఇంకో రెండేళ్లు చేసి వెళ్లిపోతానని భార్యకు ఎన్నోసార్లు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఎండలో కారు దిగకుండా కూర్చున్న యమ్మా గుర్తొచ్చింది. ఉంటానంటే ముగించేదాకా ఉండాలి, సగంలో పుల్లలు పడేసి పోవడానికుండదు. ఆ సంగతి ఈయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అరచేతులు మళ్లీ చెమట పట్టాయి.

"ఉంటాను బాబా" అని, కారును ఇంటివైపు తిప్పాడు.